పెంపక శైలులు – పిల్లల వికాసంపై వాటి ప్రభావం

ఈ భాగం చదివిన తరువాత మీరు నాలుగు పెంపక శైలులను గుర్తించగలుగుతారు. పిల్లల వికాసంపై వాటి ప్రభావాన్ని వివరించగలుగుతారు. మన కుటుంబాలకు ఈ వర్గీకరణ ఎంతవరకు వర్తిస్తుందో చర్చించగలుగుతారు.

1. పరిచయం

పిల్లల పెంపకం మాట వచ్చినప్పుడు మన పెద్దలు ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటారు. చిన్నతనంలోనే క్రమశిక్షణ అలవడాలన్నది దీని భావం. అయితే మొక్కను ఎలా వంచాలి? బలవంతంగా వంచితే విరుగుతుంది. వదిలేస్తే ఎటుపడితే అటు పెరుగుతుంది. పెంపక శైలుల అధ్యయనం ఈ ప్రశ్నకే సమాధానం వెతుకుతుంది.

2. నాలుగు శైలులు

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త డయానా బామ్‌రిండ్ 1960ల్లో, ఇంకా బడి ఈడు రాని పిల్లలను, వారి తల్లిదండ్రులను పరిశీలించి మూడు శైలులను గుర్తించారు. 1983లో ఎలినార్ మకాబీ, జాన్ మార్టిన్ రెండు అంశాల ఆధారంగా నాలుగో శైలిని చేర్చారు. మొదటి అంశం ఆప్యాయత, అంటే పిల్లల అవసరాలకు స్పందించడం. రెండోది నియంత్రణ, అంటే నియమాలు పెట్టి పాటింపజేయడం.

– నిరంకుశ శైలి: నియంత్రణ ఎక్కువ, ఆప్యాయత తక్కువ.
– అతి గారాబ శైలి: ఆప్యాయత ఎక్కువ, నియంత్రణ తక్కువ.
– నిర్లక్ష్య శైలి: రెండూ తక్కువ.
– ప్రజాస్వామిక శైలి: రెండూ ఎక్కువ.

3. ఒక ఉదాహరణ

నల్లజర్ల ప్రాంతంలో ఒక పొగాకు రైతు కుటుంబాన్ని ఊహించుకోండి. తొమ్మిదో తరగతి చదివే కొడుకు అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కలు తప్పాడు. ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం తానే పెట్టేశాడు. ఆ సంగతి ఇంట్లో తెలిసిపోయింది.

నిరంకుశ శైలి గల తండ్రి కారణం అడగకుండానే చెయ్యి చేసుకుంటాడు. అతి గారాబం ఉన్న ఇంట్లో ‘పోనీలే, చిన్నపిల్లాడు’ అని తల్లి ఆ విషయం తండ్రి దాకా వెళ్ళనివ్వదు. నిర్లక్ష్యం ఉన్న ఇంట్లో తెలిసినా ఎవరూ పట్టించుకోరు. ప్రజాస్వామిక శైలి గల తండ్రి కొడుకును పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ‘మార్కులు తగ్గితే మళ్ళీ చదువుకోవచ్చు నాన్నా. సంతకం నువ్వు పెట్టడం మాత్రం తప్పు. ఎందుకు దాచావు?’ అని అడిగి, చెప్పింది వింటాడు. ‘రేపు మాస్టారికి నువ్వే చెప్పాలి. నేనూ నీతో వస్తాను’ అంటాడు.

మొదటి తండ్రి, చివరి తండ్రి ఇద్దరూ తప్పును తప్పు అనే అన్నారు. కానీ మొదటి ఇంట్లో పిల్లవాడు నేర్చుకునేది, ఈసారి దొరక్కుండా సంతకం పెట్టడం ఎలాగని. చివరి ఇంట్లో నేర్చుకునేది, నిజం చెబితే ఆసరా దొరుకుతుందని.

4. వికాసంపై ప్రభావం

అమెరికాలో 14–18 ఏళ్ళ మధ్య వయసు గల సుమారు 4,100 మందిపై లాంబోర్న్, స్టైన్‌బర్గ్ తదితరులు చేసిన అధ్యయనం 1991లో వెలువడింది. ప్రజాస్వామిక శైలిలో పెరిగినవారు చదువులోనూ, ప్రవర్తనలోనూ, మానసిక ఆరోగ్యంలోనూ మెరుగ్గా ఉన్నారు. నిర్లక్ష్యానికి గురైనవారి పరిస్థితి అన్నిటికంటే అధ్వానంగా ఉంది. నిరంకుశ శైలిలో పెరిగినవారు చెప్పినమాట విన్నారు, కానీ వారికి తమపై తమకు నమ్మకం తక్కువ. గారాబంగా పెరిగినవారికి ఆత్మవిశ్వాసం ఉంది, కానీ మత్తు పదార్థాల వాడకం, బడిలో దుష్ప్రవర్తన ఎక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. శైలికీ ఫలితానికీ సంబంధం కనిపించినంత మాత్రాన, శైలి ఒక్కటే కారణమని చెప్పలేం. పిల్లల స్వభావం కూడా తల్లిదండ్రుల తీరును మారుస్తుంది. నెమ్మదస్థుడైన పిల్లవాడితో ఓపిక పట్టడం తేలిక, మొండివాడితో కష్టం.

5. మన కుటుంబాలు

ఈ వర్గీకరణ అమెరికాలో రూపొందింది. చైనా సంతతి కుటుంబాలను పరిశీలించిన రూత్ చావో, కట్టడిగా కనిపించే పెంపకం వెనుక పిల్లల పట్ల గాఢమైన శ్రద్ధ ఉండవచ్చని 1994లో వాదించారు. మన ఇళ్ళను చూసేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి. పొగాకు క్యూరింగ్ రోజుల్లో రాత్రింబవళ్ళు బ్యారన్ దగ్గరే ఉండే తల్లిదండ్రులను నిర్లక్ష్యపరులు అనవచ్చా? అనకూడదు. సమయం లేకపోవడం వేరు, పట్టింపు లేకపోవడం వేరు. అన్నం తినే పది నిమిషాల్లో ‘ఈరోజు బళ్ళో ఏం జరిగింది?’ అని అడిగి వినడం కూడా పెంపకమే.

రెండో విషయం: మన దగ్గర పెంపకం ఇద్దరి పని కాదు. ఉభయ గోదావరి జిల్లాల నుంచి ఎందరో మహిళలు ఇంటిపనుల కోసం కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు వెళ్తారు. వారిలో కొందరి పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. తల్లి ఫోన్లో వద్దన్నది అమ్మమ్మ ఇక్కడ ఒప్పుకుంటే, పిల్లలకు ఏ మాట నియమమో తెలియదు. ఇద్దరూ ముందుగా మాట్లాడుకుని రెండు మూడు నియమాలపైనైనా ఒకే మాట మీద నిలబడాలి.

బడి కూడా పెంపకంలో భాగమే. ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని సుమారు 3,000 మంది పిల్లల ఎదుగుదలను పరిశీలిస్తూ వచ్చింది. ఎంచుకున్న జిల్లాల్లో అప్పటి పశ్చిమ గోదావరి ఒకటి. అధ్యయనం జరిగిన నాలుగు దేశాల్లోనూ బడిలో దెబ్బలు తిన్నామని చెప్పినవారి శాతం 15 ఏళ్ళవారిలో కంటే 8 ఏళ్ళవారిలో రెట్టింపునకు పైగా ఉంది. అంటే తన బాధ సరిగా చెప్పుకోలేని వయసులోనే దెబ్బలు ఎక్కువ. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది.

6. సారాంశం

నియంత్రణ ఎంత అన్నదానికంటే, అది ఆప్యాయతతో, కారణం చెప్పడంతో కలిసి ఉందా లేదా అన్నదే ముఖ్యం. శైలి పుట్టుకతో వచ్చేది కాదు. తల్లిదండ్రులు ఏ దశలోనైనా దానిని మార్చుకోవచ్చు. మీలో తల్లిదండ్రులైనవారికి ఇది పరీక్ష కోసం మాత్రమే చదివే పాఠం కాదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. నిరంకుశ, ప్రజాస్వామిక శైలుల మధ్య పోలికను, భేదాన్ని తెలపండి.
2. సమయం లేకపోవడానికీ నిర్లక్ష్యానికీ తేడాను ఉదాహరణతో వివరించండి.
3. మీ ఇంట్లో పిల్లలకు నియమాలు పెట్టే పెద్దలు ఎందరు? వారి మాటల్లో పొంతన ఎక్కడ లోపిస్తోంది? పది వాక్యాల్లో రాయండి.