తాతలు చేసిందే కదా, పరిశోధన ఎందుకు?

“సేంద్రియానికి పరిశోధన ఎందుకయ్యా? మన తాతలు చేసిందే కదా!” హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల రైతుల సమావేశాల్లో ఈ మాటకు చప్పట్లు ఖాయం. చప్పట్లతో పోతే బాగుండేది. శాస్త్రవేత్తను వద్దన్న ఊళ్లోకి సీసాల వ్యాపారి వస్తున్నాడు. లేబుల్ సరిగా లేని ‘బయో’ సీసాలో ఏముందో ఒక్కోసారి అమ్మేవాడికే తెలియదు. అందులో పురుగుమందు కలిసి ఉంటే, వేరుశనగకు కొట్టింది గాలికి పక్క మల్బరీ మీద పడుతుంది. ఆ ఆకు మేసిన పట్టుపురుగులు చస్తాయి. నష్టం సేంద్రియం ఖాతాలోకి పోతుంది.

అపోహ: తాతల సాగు చాలు.

వాస్తవం: ఏ తాతలు? వాళ్లు కొర్ర, సజ్జ, జొన్న, రాగి వేశారు, చేలో గొర్రెల మందలు కట్టించారు. కనుచూపు మేర వేరుశనగ ఒక్కటే వేసింది మన తరాలు. జీవామృతమూ తాతల ఆస్తి కాదు. పది కిలోల పేడ, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, 200 లీటర్ల నీళ్లు అంటూ దాన్ని ఊరూరా చేర్చింది మహారాష్ట్రకు చెందిన సుభాష్ పాలేకర్.

తాతలు చూడని తెగుళ్లూ వచ్చాయి. 2000లో ఉమ్మడి అనంతపురం జిల్లాలో కాండం కుళ్లు వైరస్ సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను దెబ్బతీసింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. దొంగ ఎవరో తేల్చింది పరిశోధనే. గట్టు మీది వయ్యారిభామలో వైరస్ ఉంటుంది, మొక్కకు మాత్రం ఏమీ కాదు. దాని పుప్పొడిని ఒంటికి అంటించుకుని తామర పురుగులు చేలోకి వస్తాయి. ఆకును గీరిన చోట వైరస్ లోపలికి పోతుంది. మొక్క మాడాక ఏం కొట్టినా దండగే. అప్పుడు తేలిన మార్గాల్లో మందు డబ్బాతో పనిలేనివి రెండు: వయ్యారిభామను పూతకు ముందే పీకెయ్యడం, చేను చుట్టూ నాలుగైదు సాళ్లు జొన్నో సజ్జో విత్తడం. సేంద్రియ రైతుకు ఇంతకంటే పనికొచ్చే మాట ఏ తాత చెప్పాడు?

రసాయన రైతుకు చివరి నిమిషంలో కొట్టడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. సేంద్రియ రైతు ముందే కాచుకోవాలి. పరిశోధన అతనికే ఎక్కువ కావాలి. అయితే ఏది ముందు? మన ఎండలకు జీవామృతం ఎన్నాళ్లు నిలుస్తుంది? మొదలుకుళ్లు తెగులుకు ట్రైకోడెర్మా శిలీంద్రం వర్షాధార ఎర్రనేలలో ఎంతవరకు పనిచేస్తుంది? కొత్త వేరుశనగ రకాల్లో ఎరువు బస్తా లేకుండా నిలబడేది ఏది? బజారు సీసాల్లో ఏముంది? ఈ నాలుగూ తేలాక ఆవు మహిమల మీద సెమినార్లు పెట్టుకోవచ్చు. వేరుశనగకు కదిరిలో, పట్టుకు హిందూపురం పక్కన కిరికెరలో పరిశోధన కేంద్రాలున్నాయి. వేరుశనగ, మల్బరీ పక్కపక్కనే ఉన్నచోట రెండు కేంద్రాలూ ఒకే గట్టు మీద నిలబడి చూడాలి.

అపోహ: పరిశోధన అంశాలు రైతుకేం తెలుస్తాయి?
వాస్తవం: చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ చొరవతో 2008లో ఏర్పడిన ధరణి రైతుల సహకార సంఘం సేంద్రియ పంటను కొని అమ్ముతోంది. ధర బేరమాడే రైతుకు ప్రశ్న అడగడం రాదా?

అపోహ: జిప్సం రసాయనం, సేంద్రియంలో ముట్టకూడదు.
వాస్తవం: గనిలో తవ్విన సహజ జిప్సానికి సేంద్రియ ప్రమాణాల్లో చోటుంది. వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు అది వెయ్యకపోతే తాలుకాయలు పెరగొచ్చు.

అపోహ: పెట్టుబడి సున్నా.
వాస్తవం: కూలీలకు ఆ మాట చెప్పి చూడండి.

అపోహ: దిగుబడి తగ్గుతుంది.
వాస్తవం: ఇది మాత్రం పూర్తిగా అపోహ కాదు, ఒప్పుకోక తప్పదు. 2012లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ విశ్లేషణ ప్రకారం పంటను, నేలను, సాగు తీరును బట్టి సేంద్రియంలో దిగుబడి 5 నుంచి 34 శాతం దాకా తగ్గింది. వర్షాధార పప్పుజాతి పంటల్లో తేడా దాదాపు 5 శాతమే. వేరుశనగదీ ఆ జాతే. మన నేలలో ఎంతో మనమే తేల్చుకోవాలి.

అందుకే వచ్చే ముంగారుకు విత్తిన చేలో నాలుగు సాళ్లకు ఎరువూ మందూ ఏమీ వెయ్యకుండా వదలండి. మిగతా చేనుతో పాటే కోసి, ఎండబెట్టి, కాయ తూకం విడిగా రాయండి. ఒక్క ఏడాది వానను నమ్మి తీర్పు చెప్పొద్దు, మూడేళ్లు రాయండి. సీసా కొంటే బిల్లు, లైసెన్స్ నంబరు అడగండి. ఇవ్వకపోతే కొనకండి. ఆ నోట్‌బుక్‌తోనే రైతు సేవా కేంద్రానికి వెళ్లండి. తూకాల లెక్క చేతిలో ఉన్న రైతును ఏ శాస్త్రవేత్తా “మళ్లీ రా” అని పంపలేడు.