ఉద్యోగం దొరికింది... మరి ఇల్లో?

సినిమాలో హీరోకి ఉద్యోగం దొరికిందనుకోండి. ఆర్డరు కాగితం గాల్లో ఊపుకుంటూ పరుగెత్తుకొస్తాడు. అమ్మ కాళ్లకి దణ్ణం పెడతాడు. రీలు మారేసరికి కొత్త ఊళ్లో, మేడమీద గదిలో, అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటూ ఉంటాడు. ఎదురింటి కిటికీలో హీరోయిన్! ఇక పాటే తరువాయి.

ఆ గది ఎలా దొరికింది? అడ్వాన్సు ఎంత కట్టాడు? కుళాయి ఎన్నింటికొస్తుంది? ఇంటావిడ ఇంటిపేరు అడిగిందా లేదా? ఇవేవీ మనకి చూపించరు. చూపిస్తే సినిమా అక్కడే అయిపోతుంది మరి! నిజజీవితంలో మాత్రం ఉద్యోగం దొరికాక అసలు కథ అక్కడే మొదలవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో కొత్తగా కొలువులో చేరిన ఏ కుర్రాణ్ణి కదిపినా, ఏ అమ్మాయిని అడిగినా, ఇంటర్వ్యూ కంటే ఇల్లు వెతుక్కోవడమే కష్టమయిందంటారు.

జిల్లా పుడితే అద్దె పెరుగుతుంది

ఉత్తరాంధ్రకి ఈ వెతుకులాట కొత్తేం కాదు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. జిల్లా అంటే పటం మీద గీసే గీత ఒక్కటే కాదు కదా! కలెక్టరుగారు రావాలి, ఆఫీసులు రావాలి, ఆఫీసులతోపాటు గుమాస్తాలు, టైపిస్టులు, ఇంజనీర్లు, డ్రైవర్లు, వాళ్ల పెట్టెలు, బేడలు, పిల్లల బడులు అన్నీ రావాలి. ఊళ్లో ఉన్న పెద్ద పెద్ద ఇళ్లమీద ముందు ఆఫీసుల కన్ను పడుతుంది. మిగిలిన వాటాల కోసం ఉద్యోగులు పోటీ పడతారు. ఆ పోటీలో అందరికన్నా చివర నిలబడేది కొత్తగా చేరిన కుర్రకారే. జీతం తక్కువ, పరిచయాలు తక్కువ, పైగా పెళ్లికాలేదు!

ఇక 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. రాష్ట్రం మొత్తంమీద లక్షమందికి పైగా యువతీయువకులకి ఒక్కసారిగా ఉద్యోగాలొచ్చాయి. పట్నంలో ఇల్లు దొరకలేదంటే సరే, పల్లెలో అద్దెకిచ్చే ఇల్లన్న మాటే అరుదు. అక్కడ ఇల్లు కట్టుకునేది ఉండడానికే గానీ అద్దెకివ్వడానికి కాదు. దాంతో చాలామంది దగ్గర్లోని పట్నంలో కాపురం పెట్టి, రోజూ బస్సెక్కడం మొదలెట్టారు.

రణస్థలం మండలంలో పైడిభీమవరం ఉంది. జాతీయ రహదారి పక్కన, రెండు జిల్లాల సరిహద్దులో, మందుల ఫ్యాక్టరీలతో నిండిన ఊరు. షిఫ్టు దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు... శ్రీకాకుళం వైపు కొందరు, విజయనగరం వైపు కొందరు, విశాఖ దాకా మరికొందరు. ఎచ్చెర్లలో 2008లో వచ్చిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం, రాజాంలో ఇంజనీరింగ్ కాలేజీ, భోగాపురంలో 2023 మే 3న శంకుస్థాపన జరిగిన విమానాశ్రయం... పని ఎక్కడ మొదలైతే అక్కడ 'టు-లెట్' బోర్డు కోసం తలెత్తి నడిచేవాళ్లు తయారవుతారు.

గిరీశం బస ఎక్కడ?

విజయనగరంలో బ్రహ్మచారి బస అనగానే మనకి గుర్తు రావలసిన మొదటి పేరు గిరీశం. 1892లో గురజాడ వారి 'కన్యాశుల్కం' నాటకం మొదటిసారి రంగస్థలమెక్కింది. అందులో గిరీశం భోజనం పూటకూళ్లమ్మ ఇంట్లో. అప్పు ముదిరింది, ఆవిడ చీపురుకట్ట పుచ్చుకుని వెతుక్కుంటూ బయల్దేరింది. గిరీశంగారేమో శిష్యుడు వెంకటేశాన్ని వెంటేసుకుని అగ్రహారానికి ఉడాయించాడు! 1955లో వచ్చిన సినిమాలో ఎన్టీఆర్ ఆ పాత్ర వేస్తే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వు సరే. ఒంటరి కుర్రాడంటే ఇంటివాళ్లు ఇవాళ్టికీ భయపడుతున్నారంటే, ఆ భయంలో గిరీశంగారి వాటా కొంత ఉందని ఒప్పుకోవాలి!

అదే 1955లో 'మిస్సమ్మ' వచ్చింది. ఉద్యోగం భార్యాభర్తలకే అన్నారు. అంచేత పెళ్లికాని ఎన్టీఆర్, సావిత్రి మొగుడూ పెళ్లాల్లా నటించి, అప్పాపురం చేరి జమీందారుగారి నీడన కాపురం పెట్టారు. 1992 నాటి 'చిత్రం భళారే విచిత్రం'లో బ్రహ్మచారులకి ఇల్లివ్వమంటే నరేష్ ఏకంగా చీరే కట్టేశాడు. ఆ కథ మరాఠీ సినిమా నుంచి మనకొచ్చింది. దానికీ ముందు 1966లో హృషీకేశ్ ముఖర్జీ హిందీలో తీశాడు. అంటే బెంగాలీ బాబుకీ, మరాఠీ కుర్రాడికీ, మన తెలుగువాడికీ కష్టం ఒకటే అన్నమాట!

2002లో వంశీ తీసిన 'అవును వాళ్లిద్దరూ ఇష్టపడ్డారు' మరో తమాషా. ఒకే ఇల్లు, పగలు అబ్బాయికి, రాత్రి అమ్మాయికి. ఒకరి మొహం ఒకరికి తెలీదు. సినిమాకోసం అల్లిన కథ అనుకుంటాం గానీ, ఫ్యాక్టరీ షిఫ్టుల్లో పనిచేసే కుర్రాళ్లని అడగండి. ఒకడు డ్యూటీనుంచి వచ్చేసరికి ఇంకొకడు లేచి వెళ్తాడు. ఒకే గది, ఒకే మంచం, ముగ్గురు మనుషులు. హీరోయిన్ మాత్రం ఉండదు, అంతే తేడా!

"ఒక్కర్తివే ఉంటావేటమ్మా?"

అబ్బాయికి తలుపు దగ్గర ఎదురయ్యే ప్రశ్నలు ఇవి. "ఫేమిలీయేనా బాబూ? కాదేటి? అయితే కష్టం బాబూ, మా ఇంట్లో ఆడపిల్లలున్నారు." "ఫ్రెండ్సు వస్తారేటి?" "నీసు వండుతారేటి?" "రాత్రి ఎన్నింటికొస్తావు? పదయితే గేటుకి తాళమే."

అమ్మాయికయితే ఇవన్నీ కలిపి ఒకే ప్రశ్న. "ఒక్కర్తివే ఉంటావేటమ్మా?" ఆ 'ఒక్కర్తివే'లో ఎన్ని అర్థాలుంటాయో విన్నవాళ్లకే తెలుస్తుంది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు తెల్లారి ఇంటికొస్తే చుట్టుపక్కల కిటికీలు తెరుచుకుంటాయి. సచివాలయంలో పనిచేసే అమ్మాయి సర్వేకెళ్లి చీకటిపడ్డాక వస్తే ఇంటావిడ అరుగుమీద కూర్చుని ఉంటుంది. ఆవిడ చెడ్డ మనిషని కాదు సుమండీ! పెరట్లో కాసిన బెండకాయలు తెచ్చిచ్చేదీ ఆవిడే, జ్వరమొస్తే మిరియాల చారు పెట్టేదీ ఆవిడే. కానీ అద్దె తీసుకునేది గదికి. అమ్మాయి రాకపోకల లెక్క ఆ అద్దెలో లేదు. ఇది ఇద్దరికీ తెలిసి ఉంటే కాపురం సాఫీగా సాగుతుంది.

ఘంటసాలకి నీడ ఎవరిచ్చారు?

ఇంతకీ అద్దె ఇంటి కథల్లో మనం మరిచిపోకూడని కథ ఒకటి ఈ ఊళ్లోనే జరిగింది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల మొదలయింది. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. మన పి. సుశీల పుట్టిందీ ఈ ఊళ్లోనే, సంగీతం నేర్చిందీ ఆ కళాశాలలోనే. ఆవిడకి సొంత ఊరు కాబట్టి ఇంటి బెంగ లేదు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక తండ్రిలేని కుర్రాడికి మాత్రం ఉంది. అతనే ఘంటసాల వెంకటేశ్వరరావు.

ఉంగరం అమ్ముకుని రైలెక్కి విజయనగరం చేరాడు. తీరా చూస్తే కళాశాలకి సెలవులు. ద్వారం వారు దయతలచి కళాశాలలోనే తలదాచుకోనిచ్చారు. రోజుకో ఇంట్లో వారాల భోజనం. అంతలో తోటి విద్యార్థులు చేసిన తప్పు అతని మెడకి చుట్టుకుంది. ఒక్కరోజులో నీడా పోయింది, వారాలూ పోయాయి. గుడిలో తలదాచుకున్న ఆ కుర్రాణ్ణి పట్రాయని సీతారామశాస్త్రిగారు చూశారు. ఇంటికి తీసుకుపోయారు, సంగీతం చెప్పారు. ఆయనేం ఉన్నవారు కాదు. అన్నం పెట్టే స్తోమత లేకపోతే, శిష్యుడు జోలె పట్టి మాధుకరం చేసుకున్నాడు. అయినా పడుకోవడానికి ఒక చూరు, "మావాడు" అని చెప్పడానికి ఒక మనిషి దొరికారు. ఆ తర్వాత మద్రాసులోనూ ఇదే కథ. సముద్రాల వారి ఇల్లు ఇరుకు కావడంతో, పానగల్ పార్కు కాపలావాడికి నెలకి రెండు రూపాయలిచ్చి రాత్రుళ్లు అక్కడే నిద్రపోయేవాడట. తెలుగు సినిమా గొంతు కొన్నాళ్లు పార్కు బెంచీకి అద్దె కట్టిందన్నమాట!

ఇంటిపేరేటి బాబూ?

ఇప్పుడొక చేదు మాట. ఇల్లు చూశారు, నచ్చింది. అద్దె కుదిరింది. ఇంటాయన తాళంచెవి తీస్తూ నెమ్మదిగా అడుగుతాడు... "ఇంటిపేరేటి బాబూ?" ఇంటిపేరుతో తేలకపోతే ఊరు. ఊరుతో తేలకపోతే వీధి. వీధి కూడా తేల్చకపోతే ఇక సూటిగా "మీరేటోళ్లు?" జవాబు నచ్చకపోతే తాళంచెవి మళ్లీ జేబులోకి పోతుంది. "అయ్యో, మా మావయ్యగారు నిన్ననే వేరేవాళ్లకి మాటిచ్చేశారట బాబూ!" వారం తర్వాత అటు వెళ్తే బోర్డు అక్కడే వేలాడుతూ ఉంటుంది.

పోటీ పరీక్ష రాసి, ర్యాంకు తెచ్చుకుని, సర్కారు ముద్రతో ఆర్డరు పుచ్చుకుని వచ్చిన దళిత కుర్రాడికి ఆ తలుపు దగ్గర ఏ ర్యాంకూ పనికిరాదు. ముస్లిం అమ్మాయికి పేరు చెప్పగానే మొహం మారుతుంది. కొందరు పేరు మార్చి చెబుతారు. కొందరు ఎలాగూ అడుగుతారు కదా అని ముందే చెప్పేసి పది గుమ్మాలు ఎక్కి దిగుతారు. సినిమాలో మారువేషం వేస్తే నవ్వొస్తుంది. ఇంటికోసం మనిషి తన పేరునే మారువేషం చేసుకోవాల్సొస్తే మాత్రం నవ్వు రాదు. గురజాడ నడిచిన వీధుల్లో ఆ ప్రశ్న ఇంకా వినబడుతోందంటే, అది మనందరం సిగ్గుపడవలసిన సంగతి. ఆఫీసులో సీనియర్లు తలుచుకుంటే ఇక్కడ చాలా చెయ్యొచ్చు. కొత్తవాడి పక్కన నిలబడి "మావాడేనండీ, నేను హామీ" అన్న ఒక్క మాట చాలాసార్లు తాళం తీయిస్తుంది.

ఇల్లు చూసేముందు...

మొదట కాగితం మీద లెక్క వేసుకోండి. దూరంగా ఇల్లు చవగ్గా దొరికిందని సంబరపడొద్దు. వెళ్లడానికి గంటన్నర, రావడానికి గంటన్నర అనుకుంటే నెలకి 26 రోజుల్లో 78 గంటలు బస్సులోనే పోతాయి. రెండున్నర గంటల సినిమాలు ముప్పై ఒకటి చూసేంత కాలం! అద్దెలో మిగిలినదాంట్లోంచి టిక్కెట్లూ, ఆ నిద్రా తీసేసి చూడండి. రైలుమీద ఆధారపడేవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. 'శ్రీకాకుళం రోడ్' స్టేషను ఉన్నది శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో. రైలు దిగాక మళ్లీ బస్సో ఆటోవో తప్పదు.

ఇల్లు ఎప్పుడు వెతకాలి? బడులు మూసే వేసవిలో బదిలీలవుతాయి, వాటాలు ఖాళీ అవుతాయి. ఆషాఢంలో, పుష్యంలో మన జనం పాలు పొంగించరు కాబట్టి అప్పుడు పోటీ తక్కువ, బేరానికి వీలెక్కువ. విజయదశమి వెళ్లిన మంగళవారం విజయనగరంలో సిరిమానోత్సవం. ఆ రోజుల్లో ఊరంతా చుట్టాలే! ఇల్లు చూపించే తీరిక ఎవరికీ ఉండదు.

పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి చూడండి. కుళాయి ఎన్నింటికొస్తుంది, ఎంతసేపొస్తుంది అన్నది ఇంటివారిని కాదు, పక్కవాటా వారిని అడగండి. పెరట్లో నుయ్యి గానీ చేతిపంపు గానీ ఉంటే ఆ ఇంటికి రెండు మార్కులు ఎక్కువ వెయ్యండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు కరెంటు రోజుల తరబడి లేక, మోటార్లు పనిచెయ్యక, జనం బిందెలు పట్టుకుని తిరిగారు. రేకుల కప్పయితే గాలికి ఎలా బిగించారో కూడా చూడాలి.

కరెంటు మీటరు వేరుగా ఉందా అని తప్పక అడగాలి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. రెండు వాటాలకి ఒకే మీటరయితే ఇద్దరి వాడకం కలిసి పై ధర పడుతుంది.

ఇక కాగితం. అద్దె ఒప్పందం మామూలుగా పదకొండు నెలలకే రాస్తారు. పదకొండు నెలలయినా సరే, నోటిమాట వద్దు. అద్దె, అడ్వాన్సు, ఖాళీ చేయడానికి ఎన్నాళ్ల ముందు చెప్పాలి, సున్నం ఖర్చు ఎవరిది అన్నవి రాసుకోండి. 2021లో కేంద్రం తయారుచేసిన నమూనా అద్దె చట్టం, నివాసానికిచ్చే ఇంటికి రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదంది. అది రాష్ట్రాలకి నమూనా మాత్రమే. అయినా బేరమాడేటప్పుడు చెప్పుకోవడానికి బలమైన మాటే. డబ్బు ఇచ్చిన ప్రతిసారీ రసీదు అడగండి. మొహమాటం వద్దు!

ఇంటివారికో మాట

ఇంటివారి భయాలూ ఉత్తవి కావు. జీవితమంతా కూడబెట్టి మేడమీద రెండు గదులు వేసుకున్న రిటైరయిన మాస్టారికి ఆ అద్దే మందుల ఖర్చు. అద్దె ఎగ్గొట్టి పోయిన గిరీశాలూ ఉన్నారు, గోడలు పాడుచేసినవాళ్లూ ఉన్నారు. గుర్తింపు కార్డు చూడండి, ఆఫీసులో వాకబు చెయ్యండి, కాగితం రాయించుకోండి. వచ్చినవాడు ఎలాంటివాడో అవి చెబుతాయి. ఇంటిపేరు చెప్పదు.

యువ పాఠకులారా, మీకూ ఒక మాట. ఇవాళ తాళంచెవి కోసం గుమ్మం ముందు నిలబడ్డ మీరే రేపు సొంత ఇల్లు కట్టుకుంటారు, మేడమీద గది వేస్తారు, గేటుకి బోర్డు కడతారు. సంచీ భుజాన వేసుకుని, కొత్త ఉద్యోగం ఆర్డరు పట్టుకుని ఎవరో వస్తారు. పేదవాడయినా పట్రాయని వారు ఆ రోజు తలుపు తీశారు. మీరూ తియ్యండి. అద్దె మాత్రం వదులుకోవద్దులెండి!