పొగడిన పిస్తోలు

ఆపదకై కొనిన ఆయుధము అదనున పేలదేని దానికంటె చేతికఱ్ఱయే మేలు. అమెరికాలో రెమింగ్టను సంస్థవారి ‘ఆర్ 51’ పిస్తోలు చరిత్రము చూడుడు. పెడర్సను మహాశయుడు శతాబ్దమునకు పూర్వము కల్పించిన యంత్రరచనను పునరుద్ధరించి, 2014 జనవరిలో దానిని ప్రదర్శించిరి. సంస్థవారు చేతికిచ్చిన వానిని కాల్చిచూచి ఆయుధవిమర్శకులు వేనోళ్ల పొగడిరి. ఆ పొగడ్తలు నమ్మి జనులు కొనిరి. తూటా సరిగా గదిలోనికి ఎక్కదనియు, గది పూర్తిగా మూసికొనకమునుపే పేలుచున్నదనియు కొన్నవారు మొఱపెట్టిరి. జూలై నాటికి సంస్థవారే తయారు నిలిపి, పాతవానిని మరల్చినవారికి క్రొత్తవి యిత్తుమనిరి. నమూనా నుండి విస్తారోత్పత్తికి మారుటలో చిక్కులు కలిగెనని వారి సమాధానము. సరిదిద్దినవి వెలువడునప్పటికి 2016 వచ్చెను. 2018లోను 2020లోను ఆ సంస్థ దివాలా రక్షణ కోరవలసివచ్చెను. దాని కితర కారణములును గలవు.

విమర్శకులు అసత్యమాడిరని మేమనము. వారు పరీక్షించినది నమూనా; జనులు కొన్నది సరకు. దోషమంతయు ఈ యెడములోనే యున్నది. దూరపుకొండలు నునుపు. విమర్శకుడు అంగడిలో తన సొమ్ముతో కొని, పలుమారులు కాల్చి, పిమ్మట వ్రాయవలెను. ఎవరి యాతిథ్యమున పరీక్షించెనో పాఠకులకు తెలుపవలెను. కొనువారును తొలి పొగడ్తకు తొందరపడక, వాడినవారి మాట వినుట శ్రేయస్కరము.