సౌష్ఠవ భంగం, సౌష్ఠవ గోపనం: న్యూట్రినో, యాక్సియాన్‌ల ఆధారంగా ఒక పారిభాషిక పరిశీలన

ప్రస్తావన

భౌతికశాస్త్రం బోధించే సహాధ్యాపకులు ఒకరు తాము తెలుగులో రాసుకొన్న పాఠాన్ని భాషాపరంగా సరిచూడమని ఇచ్చారు. అందులో ‘సౌష్ఠవ భంగం’ అనే మాట న్యూట్రినోల ప్రస్తావనలో ఒకసారి, యాక్సియాన్‌ల ప్రస్తావనలో మరొకసారి వచ్చింది. వాక్యాలు నిర్దుష్టంగానే ఉన్నాయి. అయితే విషయాన్ని అడిగి తెలుసుకొన్నాక, ఒకే మాట రెండు వేర్వేరు సంగతులను మోస్తున్నదని అర్థమైంది. ఆ తేడాను వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

ఏదైనా మార్పు చేసినా నియమం మారకుండా ఉంటే, ఆ నియమానికి సౌష్ఠవం ఉన్నదంటారు. ఆ సౌష్ఠవం మనకు కనిపించకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు: నియమంలోనే అది లేకపోవడం, లేదా నియమంలో ఉండి కూడా స్థితిలో మరుగుపడడం.

నియమంలోనే లేనిది

1930లో పౌలీ ఊహించిన న్యూట్రినోను 1956లో రైన్స్, కోవన్‌లు ప్రయోగంలో గుర్తించారు. అదే ఏడాది లీ, యాంగ్‌లు ఒక సందేహం లేవనెత్తారు. దుర్బల బలం కుడి ఎడమలను సమానంగా చూస్తుందనడానికి ఆధారమేమిటని వారి ప్రశ్న. కోబాల్ట్ కేంద్రకాలతో శ్రీమతి వు జరిపిన ప్రయోగం 1957లో జవాబిచ్చింది: సమానంగా చూడదు. మరుసటి ఏడాది గోల్డ్‌హేబర్ బృందం న్యూట్రినోల భ్రమణం ఎడమచేతి వాటమని నిర్ధారించింది. అద్దంలో కనిపించవలసిన కుడిచేతి న్యూట్రినో ఇంతవరకు ప్రయోగాలకు చిక్కలేదు.

ఇక్కడ ‘భంగం’ సరైన మాటే. యతిభంగం, ప్రాసభంగం అన్నప్పుడు తెలుగువారికి స్ఫురించే అర్థం నియమం తప్పడమే. కుడి ఎడమల సమత్వాన్ని మనం నియమమనుకొన్నాం. ప్రకృతి దాన్ని పాటించలేదు.

నియమంలో ఉండి మరుగుపడ్డది

రెండవ సంగతికి ప్రాస నియమమే మంచి ఉదాహరణ. ఉత్పలమాలలో నాలుగు పాదాల రెండవ అక్షరంలోనూ ఒకే హల్లు ఉండాలి. అది ఏ హల్లు కావాలో లక్షణకారుడు చెప్పడు. నియమం దృష్టిలో హల్లులన్నీ సమానం. కాని కవి మొదటి పాదంలో ‘న’కారాన్ని వేయగానే మిగిలిన మూడు పాదాలూ దానికి కట్టుబడతాయి. ఆ పద్యాన్ని మాత్రమే చూసినవారికి ‘న’కారానికి ఏదో ప్రత్యేక హక్కు ఉన్నదనిపించవచ్చు. నియమం తప్పలేదు, దాని సమదృష్టి మాత్రం పద్యంలో కనిపించడం లేదు. దీనిని భంగమనడం ప్రాస చక్కగా కుదిరిన పద్యాన్ని ప్రాసభంగమని నిందించడమే!

1960లో నంబు, 1961లో గోల్డ్‌స్టోన్ కణభౌతికంలో ప్రవేశపెట్టిన భావన ఇదే. సిడ్నీ కోల్‌మన్ 1973లో ఈ విషయంపై ఇచ్చిన ఉపన్యాసాలకు ‘రహస్య సౌష్ఠవం’ అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టారు. అందుకే దీనికి ‘సౌష్ఠవ గోపనం’ అనే మాటను ప్రతిపాదిస్తున్నాను. ప్రాస ఉదాహరణకూ ఒక హద్దు ఉంది. హల్లులు విడివిడిగా ఉంటాయి. భౌతికశాస్త్రంలో ఎంపికలు వృత్తంపై బిందువుల్లా ఎడతెగకుండా ఉండవచ్చు. అప్పుడు ఒక ఎంపిక నుండి పక్క ఎంపికకు జరగడానికి శక్తి అక్కరలేదు. ఆ సులభమైన కదలికే ద్రవ్యరాశి లేని కణంగా వ్యక్తమవుతుంది.

యాక్సియాన్: రెండు మాటలూ అవసరమైన చోటు

ప్రబల బలంలో థీటా అనే కోణం ఒకటి ఉంది. అది సున్నా కాకపోతే, కణాలను ప్రతికణాలుగా మార్చి అద్దంలో చూసినప్పుడు నియమాలు మారిపోతాయి. న్యూట్రాన్‌లో ధన, రుణావేశాలు కొద్దిగా ఎడమవుతాయి. ఎంత సూక్ష్మంగా కొలిచినా ఆ ఎడం కనిపించలేదు. అంటే థీటా సుమారు వెయ్యి కోట్లలో ఒక వంతుకు మించరాదు. ఏ విలువైనా ఉండగల కోణం సున్నాకు ఇంత చేరువగా ఎందుకున్నది?

1977లో పెచ్చెయ్, హెలెన్ క్విన్‌లు థీటాను స్థిరసంఖ్యగా కాక, కదలగల క్షేత్రంగా భావించారు. అందుకు ఒక కొత్త సౌష్ఠవం కావాలి, అది గోపనం చెందాలి. ఆ కదలికకు తప్పక ఒక కణం ఉంటుందని మరుసటి ఏడాది వైన్‌బర్గ్, విల్చెక్‌లు విడివిడిగా గుర్తించారు. సమస్యను కడిగివేస్తుంది కనుక విల్చెక్ దానికి ఒక డిటర్జెంటు పేరు పెట్టారు. పరిభాషకు ఎప్పుడూ గ్రీకు, సంస్కృతాలే శరణ్యమనేవారు ఇది గమనించాలి.

ఆ కొత్త సౌష్ఠవం సంపూర్ణం కాదు. ప్రబల బలమే దానిని స్వల్పంగా భంగపరుస్తుంది. ఆ భంగం వల్లనే క్షేత్రం సున్నా వైపు జారుతుంది, కణానికి కొద్దిపాటి ద్రవ్యరాశి వస్తుంది. కాబట్టి గోపనం వల్ల యాక్సియాన్ పుడుతుంది, భంగం వల్ల దానికి బరువు చేకూరుతుంది. రెండింటికీ ఒకే మాట వాడితే ఈ వాక్యాన్ని తెలుగులో రాయలేం. యాక్సియాన్ ఇంకా కనబడలేదు. బలమైన అయస్కాంతక్షేత్రంలో అది సూక్ష్మతరంగంగా మారుతుందేమోనని ప్రయోగశాలలు వెదకుతున్నాయి.

మళ్ళీ న్యూట్రినో

విశ్వకిరణాల తాకిడికి వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ 1965లో కోలారు బంగారు గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున దొరికింది. అటువంటి న్యూట్రినోలే ఒక రకం నుండి మరొక రకానికి మారుతాయని 1998లో జపాన్‌లోని సూపర్ కమియోకాండే ప్రయోగం నిరూపించింది. అలా మారాలంటే వాటికి ద్రవ్యరాశి ఉండాలి.

న్యూట్రినో తానే తన ప్రతికణమైతే, లెప్టాన్ సంఖ్య అనే సౌష్ఠవం మనకు కనిపించే స్థితిలో నిలవదు. అది నియమంలోనే లేదా, మరుగుపడిందా? మరుగుపడితే మజోరాన్ అనే మరొక కణం ఉండాలని 1981లో చికాషిగే, మహాపాత్ర, పెచ్చెయ్‌లు ప్రతిపాదించారు. అదీ ఇంకా దొరకలేదు. సహాధ్యాపకుల పాఠంలో మిగిలినచోట్ల దిద్దుబాట్లు చేశాను. ఈ చోట మాత్రం ‘భంగం’ పక్కన ‘గోపనమైనా కావచ్చు’ అని పెన్సిలుతో రాసి తిరిగి ఇచ్చాను.