మణికట్టు నుంచి మంత్రి పదవి దాకా

ఆటలో సంపాదించిన పేరు ఎన్నికల్లో ఎంతవరకు అక్కరకొస్తుందన్న ప్రశ్నకు తెలుగునాట దొరికే నిదర్శనాల్లో మహమ్మద్ అజారుద్దీన్ జీవితానికి సాటిరాగలది లేదు. ఎందుకంటే భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించి, లోక్‌సభలో కూర్చుని, చివరికి పుట్టిన నగరంలో మంత్రిగా ప్రమాణం చేసిన హైదరాబాదీ ఆయనొక్కరే.

1963 ఫిబ్రవరి 8న జన్మించి, నిజాం కళాశాలలో చదివిన ఆయన, 1984 డిసెంబరు 31న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఇంగ్లండుపై మొదలైన టెస్టుతో అరంగేట్రం చేసి, రవిశాస్త్రితో ఐదో వికెట్‌కు 214 పరుగులు జోడిస్తూ 110 చేశారు. ఆ వెంటనే మద్రాసులో 105, కాన్పూర్‌లో 122. ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ శతకం బాదినవారు అంతకుముందు లేరు.

ఆ బ్యాటింగ్‌లోని సొగసంతా మణికట్టులో ఉండేది. బ్యాటరు ఛాతీ తిరిగి ఉన్న వైపును ఆఫ్ అని, వీపు వైపును లెగ్ అని అంటారు. ఆఫ్ స్టంపుకు అవతల పడిన బంతిని ఎవరైనా అటువైపే కొడతారు, కానీ కాలరు పైకెత్తుకుని, మెడలో తావీదుతో నిలబడిన అజారుద్దీన్ బంతిని చివరి క్షణందాకా రానిచ్చి, మణికట్టును ఒక్కసారి తిప్పి, లెగ్ వైపు బౌండరీకి జారవిడిచేవారు. అందులో భుజబలం కనిపించదు, బ్యాటు చప్పుడు కూడా అంతంతమాత్రమే. 99 టెస్టుల్లో 6215 పరుగులు, 22 శతకాలు, 334 వన్డేల్లో 9378 పరుగులు, 3 ప్రపంచకప్‌లలో సారథ్యం ఆ చేతులు తెచ్చిపెట్టినవే.

2000 మార్చిలో బెంగళూరులో ఆడిన చివరి టెస్టులోనూ శతకం చేసిన ఆయనపై, అదే ఏడాది మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలతో, అంటే ఫలితాన్ని ముందే కుదుర్చుకున్నారన్న అభియోగంతో, క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం విధించింది. అది చట్టసమ్మతం కాదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012లో కొట్టివేసింది. నూరో టెస్టు మాత్రం ఆయనకు దక్కలేదు, ఆ లోటును ఏ తీర్పూ పూడ్చలేదు.

తీర్పు రాకముందే, 2009లో, కాంగ్రెస్‌లో చేరి ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఇత్తడి సామానుకు పేరుపడ్డ ఆ పట్టణంతో ఆయనకు బంధుత్వం లేదు, చిన్ననాటి స్నేహమూ లేదు. అక్కడి ఓటరుకు తెలిసింది ఆయన పేరు, రూపం, ఆట. 2014లో మళ్లీ అక్కడ నిలవక రాజస్థాన్‌లోని టోంక్–సవాయి మాధోపూర్‌కు మారి ఓడిపోయారు.

ఈ ప్రయాణాన్ని బాపట్ల జిల్లా కారంచేడు నుంచి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. సినీ నిర్మాతగా దేశమంతటా పేరు పొందిన దగ్గుబాటి రామానాయుడు పుట్టిన ఊరు ఇది; 1999లో ఆయన సొంత గడ్డ అయిన బాపట్ల నుంచే తెలుగుదేశం తరఫున లోక్‌సభకు గెలిచారు, 2004లో అదే ఊరి కోడలు పురందేశ్వరి చేతిలో ఓడారు. గెలుపూ ఓటమీ రెండూ చుట్టరికం ఎరిగిన నేల మీదే జరిగాయి. నాయకత్వం పుట్టే మరో దారిని కూడా ఈ ఊరే చూపింది: అజారుద్దీన్ పేరు దేశమంతా మారుమోగిన 1985లోనే, జులై 17న, ఇక్కడ ఆరుగురు దళితులను హతమార్చారు, ఆ దుఃఖం నుంచి దళిత మహాసభ పుట్టింది. ఆ ఉద్యమం నుంచి ఎదిగిన నాయకులకు ముందుగా స్కోరుబోర్డు లేదు, కెమెరా లేదు. వారి పేరును పోరాటమే ప్రజలకు తెలిపింది. అజారుద్దీన్‌కు మాత్రం పేరు ముందొచ్చింది, ప్రజలు తరువాత వచ్చారు.

అందుకే ఆయన రాజకీయ జీవితంలో అసలైన పరీక్ష హైదరాబాద్‌దే అనిపిస్తుంది. 2018లో తెలంగాణ కాంగ్రెస్ కార్యనిర్వాహక అధ్యక్షుడై, 2019లో హైదరాబాద్ క్రికెట్ సంఘానికి అధ్యక్షుడై, 2023లో జూబ్లీహిల్స్ శాసనసభ స్థానానికి పోటీచేసి ఓడిపోయారు. ఆడి పెరిగిన నగరమే ఓటు దగ్గర చేయి అందించలేదు. 2025 అక్టోబరు 31న రాష్ట్ర మంత్రివర్గంలో చేరేనాటికి ఆయన ఏ సభలోనూ సభ్యులు కారు. అలాంటి మంత్రి ఆరు నెలల్లోగా శాసనసభకో శాసనమండలికో ఎన్నిక కావడమో నియమితులు కావడమో జరగాలని రాజ్యాంగంలోని 164వ అధికరణం చెబుతుంది. 62 ఏళ్ల వయసులో, తొలి మంత్రి పదవిని, ఆయన ఆ గడువుతోనే అందుకున్నారు.