మచిలీబందరు నూలు బట్టలు – వ్యాపార చరిత్ర

రెజిమెంటల్ బజారులోని ఏ బట్టల దుకాణంలోనైనా 'రుమాలు' అంటే చాలు, వివరణ అక్కరలేదు. పారశీకంలో 'రూ' అంటే ముఖం, 'మాల్' అంటే తుడిచేది. అది పరాయి మాట అన్న తలంపే మనకు రాదు. 'కలంకారీ' కూడా అటువంటిదే. కలం, కారీ అన్న మాటలు పారశీకం నుండి వచ్చినవి. పనిచేసిన చేతులు తెలుగువారివి. ఈ కలయిక వెనుక శతాబ్దాల వ్యాపారం ఉన్నది.

కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవుకు వచ్చే సముద్రవర్తకులకు అభయశాసనం ప్రసాదించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన సరకును పూర్వరాజుల వలె అపహరింపక, సుంకం మాత్రమే గైకొంటానని ప్రకటించాడు. ఆ శతాబ్దం చివర మార్కోపోలో ఈ రాజ్యపు సన్నని వస్త్రాలను సాలెగూటితో పోల్చాడు.

కుతుబ్‌షాహీల కాలంలో మచిలీబందరు ఆ వ్యాపారానికి కేంద్రమైంది. పారశీక వర్తకులు అక్కడ స్థిరపడ్డారు. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు వచ్చారు. డచ్చివారు మన బట్టలను తూర్పు దీవులకు కొనిపోయి, వాటికి మారుగా సుగంధద్రవ్యాలు పొందేవారు.

ఈ ఆదరణకు ముఖ్యకారణం ఉతికినా పోని రంగు. సంప్రదాయరీతిలో బట్టను మొదట కరక్కాయ రసంలో, పాలలో తడిపి ఆరబెడతారు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో ఊరవేయగా వచ్చిన ద్రవంతో నల్లని గీతలు తీరుస్తారు. ఎరుపు కావలసినచోట పటికనీరు అద్ది, చిరివేరుతో ఉడికిస్తారు. పటిక సోకిన చోటనే ఎరుపు నిలుస్తుంది. తక్కినది పారేనీటిలో ఉతుకగా వదలిపోతుంది.

ఈ బట్టల ధాటికి తాళలేక ఇంగ్లండులోని ఉన్ని, పట్టు నేతవారు ఆందోళన చేయగా, అక్కడి పార్లమెంటు 1700లోను, 1721లోను నిషేధచట్టాలు చేసింది. ఆ రక్షణలో పెరిగిన యంత్రపరిశ్రమ పందొమ్మిదవ శతాబ్దంలో మన విపణినే ఆక్రమించింది. ఒకనాడు ప్రపంచానికి బట్ట కట్టిన నేతగాడు తన ఊరి సంతలోనే ఓడిపోయాడు. ఓడించినది నేర్పు కాదు, యంత్రమూ, అధికారమూను. అయినా పెడనలో అద్దకపు పని నేటికీ సాగుతున్నది.

ప్రవేశపత్రంలో తండ్రి వృత్తి అన్నచోట 'నేత' అని వ్రాయడానికి సంకోచించి, 'కూలి' అని వ్రాసిన విద్యార్థిని నేనొకప్పుడు చూశాను. ఈ చరిత్ర తెలిసి ఉంటే ఆ కలం తడబడేది కాదు. అటువంటి సంకోచాన్ని తొలగించడం కూడా విద్య చేయవలసిన పనియే.