ఖాళీ గోతం దాకా లెక్క!

కంప్యూటరు మీ పేరు పొడవు కొలిచే తీరు ఇదీ

వెంకటేశ్వర్లు అనే పేరులో అక్షరాలెన్ని? ఎలిమెంటరీ బడి పిల్లవాడిని అడిగితే వెం, క, టే, శ్వ, ర్లు అని వేళ్లు ముడిచి 5 అంటాడు. కంప్యూటరును అడిగితే 39 అంటుంది. ఎవరి లెక్క వారికి ఒప్పే.

మన 5 దానికి 39 ఎలా అయింది? ఆ లెక్కను కంటిరెప్ప పడేలోగా ముగించడానికి పెద్ద పెద్ద చదువులు చదివినవారు నలభయ్యేళ్లుగా ఎందుకు బుర్ర బద్దలు కొట్టుకుంటున్నారు? ఇంటింటా ఫోను చేరిన రోజుల్లో ఇది మనకు పట్టని సంగతేమీ కాదు.

కంప్యూటరుకు గుణింతం రాదు. దేనికది విడగొట్టి దాచుకుంటుంది. వ ఒకటి, ఎత్వం ఒకటి, సున్న ఒకటి, క ఒకటి, ట, ఏత్వం, శ, పొల్లు, వ, ర, పొల్లు, ల, కొమ్ము. మొత్తం 13 ముక్కలు. ఒక్కో తెలుగు ముక్కకు 3 బైట్లు కావాలి. పదమూడు మూళ్లు 39. అదే పేరును ఇంగ్లీషులో రాస్తే 13 అక్షరాలు, 13 బైట్లతో సరిపోతుంది. బైటు అంటే కంప్యూటరు జ్ఞాపకంలో ఒక చిన్న గది. అందులో 0 నుంచి 255 దాకా ఏదో ఒక సంఖ్య పడుతుంది.

పేరుకు 32 గదులు చాలులే అని ఇంగ్లీషు పేర్లను తలచుకుని ఎవరైనా ప్రోగ్రాము రాశారనుకోండి. చివరి గుర్తుకు ఒక గది పోను 31 మిగులుతాయి. వాటిలో 10 ముక్కలు పూర్తిగా పడతాయి. పదకొండో ముక్కకు మూడు గదులకు గాను ఒక్కటే దొరుకుతుంది. మన వెంకటేశ్వర్లు కాస్తా వెంకటేశ్వర దగ్గర తెగిపోయి, పక్కన ఒక పిచ్చి డబ్బా పడుతుంది. కాగితాల మీద, ఫోన్లలో అలాంటి డబ్బాలు చూసినవారు మనలో తక్కువేం లేరు.

చీటీ లేని బస్తాలు

మార్కెట్ యార్డు ముందు ధాన్యం బస్తాలు వరుసగా పెట్టారనుకుందాం. ఎన్ని ఉన్నాయో ఎక్కడా రాయలేదు. వరుస చివర మాత్రం గుర్తుగా ఒక ఖాళీ గోతం పడేశారు. లెక్క కావాలంటే మొదటి బస్తా నుంచి బయలుదేరి, ఖాళీ గోతం కనిపించేదాకా నడవవలసిందే.

'సి' అనే కంప్యూటరు భాషలో పేర్లు, ఊర్లు, మాటలు అన్నీ ఇలాగే ఉంటాయి. అక్షరాల వరుస, చివర సున్నా ఉన్న ఒక బైటు. ఆ సున్నాయే ఖాళీ గోతం. అక్కడిదాకా లెక్కపెట్టే పనిముట్టు పేరు స్ట్ర్‌లెన్. స్ట్రింగ్ లెంగ్త్ అనే మాటలకు పొట్టి పేరు. సి భాషతో పాటు ఉచితంగా వచ్చే పనిముట్ల పెట్టె ఒకటుంది. దాన్ని ప్రామాణిక లైబ్రరీ అంటారు. స్ట్ర్‌లెన్ ఉండేది ఆ పెట్టెలోనే.

మొదట్లోనే చీటీ కడితే పోయేది కదా అని ఎవరికైనా తోస్తుంది. నిజానికి అంతకుముందు బీసీపీఎల్ అనే భాషలో అలాగే కట్టేవారు. చిక్కేమిటంటే ఆ చీటీకి ఒక్క గదే ఇచ్చారు. ఆ గదిలో పట్టే సంఖ్యకు మించి వరుస పెరగడానికి లేదు. అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్ 'బి' భాష చేసినప్పుడు చీటీ తీసేసి చివరి గుర్తు పెట్టారు. అక్కడే 1972 ప్రాంతంలో డెన్నిస్ రిచీ 'సి' భాషను రూపొందించినప్పుడు అదే పద్ధతి కొనసాగింది. పొడవుకు హద్దు ఉండకూడదని కొంత, లెక్క మోసుకు తిరగడం కంటే చివర గుర్తే సుళువని కొంత అలా చేశామని రిచీ తర్వాతి కాలంలో వివరించారు. 2011లో ఆయన కన్నుమూశారు. ఆయన పెట్టిన ఖాళీ గోతం మాత్రం ఇంకా ఉంది. మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది సి భాషలో రాసిన లైనక్సే. వాటికి బయోనిక్ అనే సొంత సి లైబ్రరీ కూడా ఉంది. రోజూ ఎన్నిసార్లు ఈ నడక నడుస్తుందో లెక్కే లేదు.

గోతం పెట్టడం ఎవరైనా మరిచిపోతే ఏమవుతుంది? లెక్కపెట్టేవాడు ఆగడు. పక్క రైతు బస్తాలనూ కలిపి లెక్కవేసుకుంటూ పోతాడు. కంప్యూటర్లలో రహస్యాలు బయటపడే దారుల్లో ఇదొకటి.

అప్పు పట్టించే గుట్టు

ఒక్కొక్క బస్తా తడుముతూ పోవడం ఎవరికైనా తెలిసిన పద్ధతే. కానీ ఈనాటి ప్రాసెసరు ఒక్క ఊపులో 8 బైట్లు చేతిలోకి తీసుకోగలదు. అంత చెయ్యి ఉండి ఒక్కొక్కటే తీయడం దండగ. 8 ఒకేసారి తీస్తే, వాటిలో ఖాళీది ఉందో లేదో ఒక్క చూపులో చెప్పడమెలా? సమస్య అంతా అక్కడే.

దీనికి దొరికిన ఉపాయం మనం మూడో తరగతిలో నేర్చిన తీసివేతే. ఎనిమిది గదుల్లోనూ ఒకేసారి తలా 1 తీసివేస్తారు. సరుకున్న గది తనలోంచి ఇచ్చుకుంటుంది. సున్నా ఉన్న గది ఏమిస్తుంది? పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవలసిందే. 256 అప్పు తెచ్చి 1 పోను 255 మిగులుతుంది. ప్రతి గదికీ నెత్తిన ఒక దీపం ఉందనుకోండి. సంఖ్య 128 గానీ, ఆపైన గానీ ఉంటే అది వెలుగుతుంది. 255 అయిన గది నెత్తిన దీపం వెలిగిందంటే అక్కడ అప్పు జరిగింది, అంటే అక్కడ సున్నా ఉందన్నమాట. ఎనిమిది గదులను విడివిడిగా తడమాల్సిన పని లేదు.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఆచార్యుడిగా ఉన్న అలన్ మైక్రాఫ్ట్ ఈ కిటుకును 1987లో వెల్లడించారు. గ్నూ సి లైబ్రరీ కోసం స్వీడన్‌కు చెందిన టోర్బ్యోర్న్ గ్రాన్‌లుండ్ రాసిన స్ట్ర్‌లెన్ కూడా ఇలా గుత్తగా చూసే పద్ధతిలోనే నడిచింది.

గట్టు దాటితే తంటా

8 ఒకేసారి చూడటంలో ఒక ప్రమాదముంది. వరుస మూడో బస్తాతోనే ముగిసి, ఆ తర్వాతి నేల మరొకరిదైతే?

కంప్యూటరు జ్ఞాపకాన్ని కమతాలుగా కొలిచి పంచుతారు. మామూలుగా ఒక్కో కమతం 4096 బైట్లు. వాటిని పేజీలంటారు. తనది కాని కమతంలో చెయ్యి పెట్టిన ప్రోగ్రామును యంత్రం అక్కడికక్కడే పడగొడుతుంది. బ్యాంకు పని మధ్యలో తెర మూతపడటానికి ఇలాంటివీ కారణం కావచ్చు. అందుకని లైబ్రరీ రాసేవారు ఒక జాగ్రత్త తీసుకుంటారు. గది నంబరు 8తో నిశ్శేషంగా భాగించబడే చోటు వచ్చేదాకా ఒక్కొక్కటే చూస్తారు. అక్కడి నుంచే ఎనిమిదేసి అందుకుంటారు. 4096 కూడా 8తో భాగింపబడేదే గనుక ఏ ఎనిమిది గదుల గుత్తీ గట్టుకు అటూ ఇటూ పడదు. సర్వే రాయి దగ్గర నిలబడి గొలుసు వేసినట్లన్నమాట. వరుస ముగిసినా నాలుగు గదులు ముందుకు తొంగిచూడటం జరుగుతుంది గానీ, అది సొంత కమతం లోపలే. ఈ వెసులుబాటు లైబ్రరీ రాసేవారికే. మామూలు ప్రోగ్రాములో ఎవరైనా ఇలా చేస్తే సి భాష నియమాలు ఒప్పుకోవు.

గట్టు దగ్గర తానే ఆగే ప్రాసెసర్లు కూడా ఈమధ్య వచ్చాయి. ఆర్మ్ సంస్థ 2016లో ప్రకటించిన ఎస్వీఈలో అలాంటి ఆజ్ఞ ఉంది. చూడదగ్గంత చూసి, ఎన్ని చూశానో చెప్పి ఊరుకుంటుంది.

నాన్నా, పులి!

అప్పు కిటుకు ఇంగ్లీషుకు బ్రహ్మాండంగా పనిచేసింది. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలన్నీ 128కి లోపే. 1 తీసివేసినా వాటి దీపం వెలగదు. వెలిగిందంటే సున్నా దొరికినట్లే.

మన అక్షరాల సంగతి వేరు. అ అనే అక్షరం కంప్యూటరులో 224, 176, 133 అనే మూడు సంఖ్యలు. మూడూ 128 పైనే. తెలుగు అక్షరం ఏదైనా మొదటి సంఖ్య 224, రెండోది 176 లేదా 177. వీటిలోంచి 1 తీసినా దీపం వెలుగుతూనే ఉంటుంది. అప్పు చేసినందుకు కాదు, మొదటి నుంచీ వెలుగుతూ ఉన్నందుకు. దీపం ఒక్కదాన్నే నమ్ముకున్న స్ట్ర్‌లెన్‌కు తెలుగు వాక్యం ఇస్తే ప్రతి ఎనిమిది గదులకూ "నాన్నా, పులి!" అని కేక పెడుతుంది. పరుగెత్తుకెళ్లి ఎనిమిదీ విడివిడిగా తడిమి చూస్తే పులీ లేదు, గిలీ లేదు. మళ్లీ తర్వాతి ఎనిమిది. మళ్లీ కేక.

గ్నూ లైబ్రరీలో అన్ని రకాల యంత్రాలకూ పనికొచ్చేలా రాసిన సాధారణ ప్రతి చాలాకాలం ఇలాగే ఉంది. జవాబు తప్పు వచ్చేది కాదు. చాకిరీ మాత్రం వృథా. ఇంటెల్ వంటి యంత్రాలకు విడిగా రాసిన ప్రతులు ఉండేవి గనుక అందరికీ ఈ బెడద తగల్లేదు. అయినా కిటుకు వేసినప్పుడు కళ్లముందు ఎవరి అక్షరాలున్నాయో దీన్నిబట్టే తెలుస్తోంది.

విరుగుడు మైక్రాఫ్ట్ సూత్రంలోనే ఉంది. తీసివేతకు ముందే వెలుగుతున్న దీపాలను లెక్కలోంచి తప్పించి, తీసివేత తర్వాత కొత్తగా వెలిగినవి మాత్రమే చూడాలి. కంప్యూటరుకు ఇది అదనంగా ఒకటి రెండు చిన్న అడుగులు. గ్నూ లైబ్రరీలోని సాధారణ ప్రతిలోనూ తర్వాత ఈ అడుగు చేర్చారు. తెలుగు, హిందీ, తమిళం అన్నింటికీ ఉత్తుత్తి కేకలు ఆగిపోయాయి.

ఒక మేలు కూడా చెప్పుకోవాలి. ఈ మూడు సంఖ్యల పద్ధతి పేరు యూటీఎఫ్-8. దీన్ని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కలిసి రూపొందించారు. బి భాష చేసిన ఆ థాంప్సనే. ఏ భాష అక్షరంలోనూ సున్నా బైటు రాకుండా వారు చూశారు. లేకుంటే పేరు మధ్యలోనే ఖాళీ గోతం తగిలి స్ట్ర్‌లెన్ ఆగిపోయేది.

పిడికెడు గింజలకు లారీ

ఆ తర్వాత పందెం పెరిగింది. 2000లో పెంటియం 4తో వచ్చిన ఎస్ఎస్ఈ2 ఆజ్ఞలతో 16 బైట్లు ఒకేసారి పోల్చి చూడటం వీలైంది. 2013లో ఏవీఎక్స్2తో 32 అయ్యాయి. ఆపైన 64 కూడా వచ్చాయి. వీటికి అప్పు కిటుకుతో పని లేదు. ప్రతి గదినీ సున్నాతో పోల్చి, ఎక్కడ కలిసిందో ఒక్క జాబితాగా చేతికిస్తాయి. ఇక్కడ తెలుగుకూ ఇంగ్లీషుకూ తేడా లేదు.

అయితే 64 చూడగలిగినంత మాత్రాన ఎనిమిది రెట్లు లాభమని ఎగిరి గంతేయనక్కర్లేదు. ప్రోగ్రాముల్లో వచ్చే మాటల్లో పొట్టివే ఎక్కువ. ఊరి పేరు, నెల పేరు, ఫోను నంబరు. పిడికెడు గింజలకు లారీ మాట్లాడితే తాళ్లు కట్టేసరికే తెల్లారుతుంది. అందుకే ఈ పనిలో ఆరితేరినవారు పొడవాటి వరుసల మీద కన్నా, మొదటి పది పదిహేను గదుల దగ్గర వృథా అయ్యే అడుగుల మీదే ఎక్కువ తలలు పట్టుకుంటారు. నా మటుకు నాకు ఈ చిల్లర లెక్కే అసలైన పనితనమనిపిస్తుంది.

విస్తరికోసారి పంక్తి లెక్క

ఎంత వేగంగా లెక్కపెట్టినా, లెక్కపెట్టినదాన్నే మళ్లీ మళ్లీ లెక్కపెడితే ఏం లాభం? పెళ్లిలో ఒక్కో విస్తరి వేసే ముందు పంక్తి మొత్తాన్ని లెక్కపెట్టే వడ్డనవాణ్ని ఊహించుకోండి. పట్నంలో ఇంజనీరింగు చదివే మన పిల్లలు మొదట్లో సి నేర్చుకునేటప్పుడు ఇలాంటి ప్రోగ్రాములు రాయడం మామూలే.

పిల్లలేమిటి, పెద్ద కంపెనీకే ఇది జరిగింది. 2013లో వచ్చిన జీటీఏ ఆన్‌లైన్ అనే ఆట తెరుచుకోవడానికి కొందరి కంప్యూటర్లలో నిమిషాలకు నిమిషాలు పట్టేది. 2021 ఫిబ్రవరిలో ఒక ఆటగాడు విసుగెత్తి లోపల ఏం జరుగుతోందో తవ్వి చూశాడు. ఆటలో కొనుక్కునే వస్తువుల జాబితా అందులో ఒకే పొడవాటి అక్షరాల వరుసగా ఉంది. వస్తువులు 63 వేలు. వరుస పొడవు సుమారు కోటి బైట్లు. దానిలోంచి ఒక్కో ముక్క చదివినప్పుడల్లా లైబ్రరీలోని మరో పనిముట్టు లోపల్లోపల స్ట్ర్‌లెన్‌ను పిలుస్తోంది. అది మిగిలిన వరుసంతా చివరిదాకా నడిచి వస్తోంది.

వస్తువుకు ఒక్క నడకే అనుకున్నా, సగటున 50 లక్షల గదుల చొప్పున 31,500 కోట్ల గదులు. 8 కాదు, 64 చొప్పున అంగలు వేసినా ఈ దూరం తరిగేది కాదు.

ఆయన చేసిన మరమ్మతు చాలా చిన్నది. పొడవాటి వరుస ఒకసారి లెక్కకు వస్తే దాని మొదలు, పొడవు గుర్తుంచుకోవడం. మళ్లీ అడిగితే నడవకుండా ఆ గుర్తులోంచే జవాబు చెప్పడం. చీటీ కట్టడమే మరి. ఇదీ, జాబితాలో వస్తువు ముందే ఉందా అని వెతికే చోట ఇలాంటిదే మరో లోపమూ సరిచేస్తే ఆయన కంప్యూటరులో 6 నిమిషాలు పట్టిన ఆట 2 నిమిషాల లోపే తెరుచుకుంది. మార్చిలో ఆ కంపెనీ, రాక్‌స్టార్, ఆటను సవరించి అందరికీ పంపింది. కనిపెట్టినాయనకు 10 వేల డాలర్లు ముట్టజెప్పింది.